ముఖచిత్రమునందలి స్త్రీయు, దానిని కొను స్త్రీయు

ఆంగ్లేయులు పత్రిక పైయట్టను ‘కవరు’ అందురు. కప్పునది యని దాని యర్థము. మనవారు దానికి ‘ముఖచిత్రము’ అని పేరు పెట్టిరి. ఈ రెండు మాటలలోని భేదము చిన్నది కాదు. కప్పునది లోపలి కాగితములను దుమ్మునుండి కాపాడును. అంతటితో దాని పని తీరినది. ముఖమో, ఎదుటివానిని పలుకరించును. ముఖమును చూచి మనిషిని పోల్చుకొందుము. ముఖమును చూచియే మోసపోవుదుము కూడ. పత్రికకు ముఖమున్నదని ఒప్పుకొన్న తరువాత, అది ఎవరి ముఖము, ఎవరి వంక చూచుచున్నది, చూచి యేమి అడుగుచున్నది అని విచారించుటకు చదువరికి హక్కు కలదు. కథలను, కావ్యములను, నాటకములను తూచి చెప్పువారు మనలో పెక్కుమంది కలరు. కొనువాని కన్ను మొట్టమొదట పడు ఈ యొక్క పుటను గూర్చి మాత్రము తూనిక పట్టినవారు అరుదు. అందుచేత ఈ సంచికయందు ఆ పని కొంత చేయ సాహసించుచున్నాము. ముఖ్యముగా స్త్రీల పత్రికలును, ఆంగ్లమున ఫ్యాషను పత్రికలని పిలువబడునవియు మా విచారమునకు విషయము.

బెంగుళూరులో నివసించు తెలుగువారికి ఇందుకు కావలసిన సామగ్రి కొఱత లేదు. ఒక్క అంగడిలోనే నాలుగైదు భాషల ముఖములు ఒక్కసారి కానవచ్చుట ఈ నగరముయొక్క విశేషము. మేము ఉద్యోగమునకు పోవు దినములలో మెజెస్టిక్ బస్సు నిలయముకడను, గాంధీ బజారులోను, మల్లేశ్వరములోను అట్టి అంగళ్ళు అడుగడుగున నుండెడివి. దారము అడ్డముగా కట్టి, బట్టలు ఆరవేయు క్లిప్పులతో పత్రికలను దానికి తగిలించెడివారు. కన్నడ సుధ, తరంగ, తెలుగు స్వాతి, తమిళ కుముదం, ఆనంద వికటన్, ఆంగ్లపు ఫెమినా – అన్నియు నొకే త్రాటికి వ్రేలాడుచుండెడివి. ముఖచిత్రముయొక్క స్వభావమంతయు ఆ త్రాటిమీద తెలియును. క్రింది వరుసలోని పత్రిక సగము మఱుగుపడును గాన, పేరు పైననే యుండవలెను. పేరునకు దిగువనే కన్నులుండవలెను. బస్సు కదలుటకు రెండు నిమిషములున్నవి. కొనువాడు అంతలో తేల్చుకొనవలెను. ఆ రెండు నిమిషములకై చిత్రకారుడు, సంపాదకుడు, అచ్చువేయువాడు నెల దినములు శ్రమించిరన్న మాట.

ఇందులో నొక చిన్న చమత్కారము కలదు. బాగుగ పేరుపడిన పత్రికలో స్త్రీ శిరస్సు పత్రిక పేరులోని ఒకటి రెండు అక్షరములను కప్పివేయును. అయినను ఎవరును తడబడరు. క్రొత్త పత్రిక అట్టి ధైర్యము చేయజాలదు. ఊరిలో అందఱెఱిగిన పెద్దమనిషి తన పేరు చెప్పుకొననట్లే యిది. ఇక ముఖమునకు ఇరుప్రక్కల అచ్చగు శీర్షికల సంగతి వేఱు. “ఏడు ఉపాయములు”, “పది దినములలో” అను తీరున అంకెలు వేసి చదువరిని తొందరపెట్టుట ఆంగ్ల పత్రికలనుండి మనకు వచ్చినది. మేము ముప్పదియేడేండ్లు ఫైళ్ళ అట్టలతో కాలము గడపినవారము. అత్యవసరమని తెలుపు ఎఱ్ఱ చీటీని మొదట ఏ యొక్క ఫైలుకో తగిలించెడివారు. దానిని అధికారి ముందు చూచెడివాడు. కొన్నాళ్ళకు ప్రతి ఫైలుకును ఎఱ్ఱ చీటీయే. అప్పుడు చీటీ లేని ఫైలే ముందుగా కన్నులబడ నారంభించెను. నేటి ముఖచిత్రముల శీర్షికలను చూచినప్పుడెల్ల మాకు ఆ చీటీలు గుర్తునకు వచ్చును.

పత్రికకును వ్యాపారమునకును గల చుట్టఱికము నేటిది కాదు. ఫ్యాషను పత్రికలు సరకు అమ్ముటకే పుట్టినవని ఈసడించువారు మన పత్రికల జాతకమును కూడ చూడవలెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనము స్థాపించి, ఆ తలనొప్పి మందుపై వచ్చిన ధనముతో 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ఆరంభించిరి. స్త్రీల కొఱకు 1928లో మదరాసున గృహలక్ష్మిని స్థాపించిన డాక్టరు కె.ఎన్. కేసరి గారు వైద్యులు. స్త్రీల వ్యాధులకు వారు తయారుచేసిన లోధ్ర ఇంటింట తెలిసిన మందు. ఆ పత్రిక పక్షమున విదుషీమణులకు స్వర్ణకంకణములు కూడ నిచ్చి గౌరవించిరి. మందుసీసా ప్రక్కన స్వర్ణకంకణము! ఇందు మాకు అగౌరవమేమియు కనబడదు. సరకు అమ్మినవాడే సాహిత్యమును పోషించెను. కాని ఒక్క భేదమును గమనింపవలెను. లోధ్ర అమ్ముటకు ముఖచిత్రమునందలి స్త్రీని రోగిష్ఠిగా చూపవలసిన పని లేదు. సరకు ప్రకటన సరకు ప్రకటనగనే లోపలి పుటలలో నుండెను. ఫ్యాషను పత్రికలో ముఖచిత్రమునందలి స్త్రీయే సరకునకు పెట్టిన ప్రాణము. ఆమె ధరించిన కోటు ఎవరిది, చెవిపోగు ఎవరిది, పెదవి రంగు ఎవరిది అని లోపలి పుటలో చిన్న అక్షరములతో జాబితా యుండును. జాతరలో గరగను మోయువానిని చూడ వచ్చితిమా, గరగను చూడ వచ్చితిమా అని తెలియని స్థితి.

మన పత్రికలలో ముఖచిత్రమునకు ఒక మహాయుగము నడచినది. దానికి మూలపురుషులలో వడ్డాది పాపయ్య గారొకరు. శ్రీకాకుళమున 1921లో పుట్టి, కశింకోటలో నివసించి, 1992లో గతించిన ఆ మహానుభావుడు ఎక్కడికిని పోయి కీర్తిని వెదుకుకొనలేదు. భారతి, చందమామ, చక్రపాణి గారి యువ, తరువాత స్వాతి – ఇవియే ఆయన చిత్రశాలలు. తెలుగు దేశమున చిత్ర ప్రదర్శనశాల మెట్లు ఎక్కని కుటుంబములకు సయితము ఆయన బొమ్మ తపాలా బంట్రోతు చేతిమీదుగ ఇంటికి వచ్చి చేరెను. ఆ బొమ్మలలోని స్త్రీలను జాగ్రత్తగా చూడుడు. ఆమె ఏదో యొక పనిలో నుండును. పూలు కోయుచుండును, నీరు తోడుచుండును, జడ అల్లుకొనుచుండును, మబ్బును చూచి ఎవరికొఱకో ఎదురుచూచుచుండును. చూపరి యొక్కడు ఎదుట నున్నాడని ఆమెకు పట్టదు. ఋతువు ఆమెది, వాకిలి ఆమెది. ఆమె చీరె ఏ అంగడిలో దొరకునని ఎవరును అడుగలేదు; ఏలయన అది నేతగాడు నేసినది కాదు, కుంచె నేసినది. ఆ చామనచాయ మేనులకు ఆయన వేసిన పసుపు, నీలి, ఎఱ్ఱ వన్నెలు ఏ మిల్లులోను అద్దబడవు. దానిని చూచిన గృహిణికి ‘నాకిది లేదు’ అను చింత కలుగదు. ‘మా యమ్మ పుట్టినింట ఇట్టి సందె వెలుగు పడెడిది’ అను తలంపు కలుగును.

చందమామ మాట కూడ ఇచ్చట చెప్పవలెను. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో ఆరంభించిన ఆ పత్రికను చదువునది పిల్లవాడు, పైకమిచ్చునది తండ్రి. ముఖచిత్రము ఇద్దఱకును నచ్చవలెను. మహాభారత ఘట్టము వేసిన యెడల పిల్లవానికి రథములు, గదలు, తండ్రికి పురాణము. ఇంతకన్న తెలివిగా చదువరి గుఱి చూచి కొట్టిన ముఖచిత్రము మఱియొకటి కానము. ఆ భారత చిత్రములు వేసిన ఎం.టి.వి. ఆచార్య గారు మైసూరు సీమవారు. తరువాత మన బెంగుళూరుననే నిలిచి తపాలా మూలమున చిత్రలేఖనము నేర్పిరి. ఈ నగరపు తెలుగువారు వారిని గుర్తుంచుకొనుట న్యాయము.

ఇక బాపు గారు. 1933లో జన్మించి 2014లో కీర్తిశేషులైన ఆయన గీతకు భాషలోనే చోటు దొరకినది. ‘బాపు బొమ్మ’ యన్న మాట పత్రిక చూడనివారి నోట కూడ నానుచున్నది. వాలుజడ, పెద్ద కన్నులు, సన్నని నడుము – రెండు గీతలలో స్త్రీ నిలిచెను. ఇంతటి గౌరవము మఱి యే చిత్రకారునికి దక్కినది? అయినను ఇచ్చట మేము కొంత కఠినముగా మాటాడవలసియున్నది. ఆ మాట పెండ్లిచూపులలోనికి వచ్చెను. “పిల్ల బాపు బొమ్మవలె నున్నది” యని ఒకరిని మెచ్చుకొనినప్పుడు, ప్రక్కయింటి పిల్ల అట్లు లేదని కూడ చెప్పినట్లేయైనది. చిత్రకారుడు దీనికి బాధ్యుడు కాడు. కాని ముఖచిత్రము గోడ దిగి చాపమీదికి వచ్చి కూర్చుండి పిల్లను కొలుచు కొలబద్దయైనదన్న సంగతిని కాదనరాదు. ఫ్యాషను పత్రికలే ఆడుపిల్లలకు అసంతృప్తి నేర్పినవని, మన పాత బొమ్మలు నిర్దోషములని వాదించు మిత్రులు మాకు కలరు. వారితో మేము సగమే ఏకీభవింతుము. ఆ బొమ్మలు వేసినవారు పురుషులు, సంపాదకులు పురుషులు, జీతము తెచ్చి అంగడిలో పత్రిక కొన్నవారును తఱచు పురుషులే. యువ దీపావళి సంచిక అట్టను చూచి మురిసినది గృహిణి మాత్రమే యని చెప్పిన యెడల ఆ గృహిణియే నవ్వును.

అయినను చదివినది ఆడువారు. మా యింటికి వచ్చు వారపత్రిక నాలుగిండ్లు తిరిగి, అట్ట ఊడి మరల మాకు చేరెడిది. ఊడిన అట్ట ఏమయ్యెనని వెదుక నక్కరలేదు. ఏదో యొక గోడమీద అన్నపు మెతుకుతో అంటింపబడి యుండును. లేదా యొక పిల్లవాని లెక్కల పుస్తకమునకు చొక్కాయై యుండును. ముఖచిత్రమునకు పత్రికకు మించిన ఆయుస్సు ఉండెను.

తరువాత కుంచెచోటికి ఛాయాచిత్రము వచ్చెను. ఆఫ్‌సెట్టు అచ్చు వ్యాపించినకొలది రంగుల ఛాయాచిత్రము చౌకయైనది. సినిమా నటి ముఖము అట్టకెక్కినది. ఈ మార్పు మనదే కాదు. న్యూయార్కులో 1892 డిసెంబరు 17న పుట్టిన వోగ్ పత్రిక కూడ నలువదియేండ్లు చిత్రకారుల బొమ్మలనే అట్టపై వేసినది. 1932 జూలై సంచికకు ఎడ్వర్డు స్టైఖెన్ తీసిన రంగుల ఛాయాచిత్రమును – ఎఱ్ఱని ఈతదుస్తులలో బంతి ఎత్తిపట్టుకొన్న యువతిని – వేసిరి. అప్పటినుండి బొమ్మకు కాలము చెల్లినది. బొమ్మలోని స్త్రీ లేని మనిషి. ఆమెతో పోటీ లేదు. ఛాయాచిత్రములోని స్త్రీ ఉన్న మనిషి. ఆమెకు పేరున్నది, వయస్సున్నది, కొలతలున్నవి. అందునను ఆమె పని మాని, సరిగా మన కన్నులలోనికి చూచుచున్నది. పాపయ్య గారి పడతి మనలను చూడలేదు. ఈమె మనలనే చూచుచున్నది. చూచి, ‘నీవెందుకు ఇట్లు లేవు?’ అని అడుగుచున్నది. ఫ్యాషను ముఖచిత్రముయొక్క ఆకర్షణయంతయు ఆ యొక్క చూపులో నున్నదని మా యభిప్రాయము.

ఆ ప్రశ్న అవమానముగ వినబడిన యెడల ఎవరును పత్రిక కొనరు. ‘నీవును ఇట్లుండవచ్చును’ అను సమాధానము కూడ దానితోడనే రావలెను. ఇచ్చటనే చాతుర్యము. నిచ్చెనలో ఒక్క మెట్టైనను చేతికందవలెను. దీనికి మేటి యుదాహరణము వోగ్ పత్రికకు ఆనా వింటోరు గారు సంపాదకురాలైన పిమ్మట వెలువరించిన మొదటి ముఖచిత్రము, 1988 నవంబరు నాటిది. పీటర్ లిండ్‌బర్గ్ తీసినది. మిఖాయేలా బెర్కు అను యువతి, రత్నములు తాపిన క్రిస్టియన్ లక్రువా కోటుతో, మామూలు జీన్సు ప్యాంటు తొడిగికొని, కన్నులు సగము మూసి, వీథిలో నవ్వుచున్నది. కోటు ఖరీదు పదివేల డాలర్లు. జీన్సు ఖరీదు ఏబది. ఆ కోటుతో జతయగు లంగా ఆ పిల్లకు సరిపోలేదనియు, అందుచే జీన్సు వేసిరనియు వింటోరు గారే తరువాత చెప్పిరి. ఏదో పొరపాటు జరిగినదేమో యని అచ్చుకూటమువారు ఫోను చేసి యడిగిరట. పొరపాటు కాదు, ఆ జీన్సే మెట్టు. కోటు కొనలేని పిల్లకు జీన్సు ఉన్నది. సగము తన దుస్తులనే ఆమె అట్టపై చూచుకొన్నది. ఇచ్చట యువతి మనలను చూచుటలేదు, నవ్వుకొని పోవుచున్నది. మేము పైన చెప్పిన నియమమునకు ఇది విరుద్ధమని యెవరైన ఆక్షేపింతురేమో. ఆక్షేపింపవచ్చును. మెట్టు చేతికందినప్పుడు చూపు అవసరము తగ్గునని మా సమాధానము.

మన దేశపు ఆంగ్ల పత్రికలు ఈ మెట్టు రహస్యమును చాలకాలము చక్కగా నెఱిగినవి. ఈవ్స్ వీక్లీ 1947లోను, ఫెమినా 1959లోను బొంబాయిలో ఆరంభమైనవి. వాని అట్టపై స్త్రీ తఱచు చీరెలో నుండెడిది. లోపల మిల్లు బట్టల ప్రకటనలు, గార్డెన్ వరేలి చీరెల సొగసు. బెంగుళూరు కళాశాలల ఆడుపిల్లలు వానిని ఎందుకు కొనిరి? చీరె కొఱకే కాదు. ఇంగ్లీషు కొఱకు. ఉద్యోగమునకు పోవు స్త్రీ ఎట్లు నిలుచును, చేతిసంచి ఏ భుజమునకు తగిలించును, జుత్తు ఎంతవఱకు కత్తిరించును అని తెలిసికొనుటకు. కొన్న పత్రికను చిక్కపేటలోనో, కమర్షియలు వీథిలోనో దర్జీ దగ్గఱకు తీసికొనిపోయి, అట్టమీది రవిక మెడను వ్రేలితో చూపి, “ఇట్లు కుట్టుము” అనెడివారు. దర్జీ తన గోడకు అట్టి అట్టలను వరుసగా మేకులు కొట్టి యుంచెడివాడు. తెలుగు ముఖచిత్రము గోడమీది పటమైనది; ఆంగ్ల ముఖచిత్రము దర్జీవాని మాదిరియైనది. రెండింటికిని మా దృష్టిలో గౌరవమే. ముప్పది రూపాయల కూలితో ఆ పిల్లకు తాననుకొన్న రవిక దొరకినది గదా.

ఈ రహస్యము మఱచినప్పుడు ఎట్టి పరిహాసము కలుగునో చూడుడు. వోగ్ భారత సంచిక 2007 అక్టోబరున మొదలైనది. తొలి అట్టమీద బిపాసా బసు, ప్రియాంకా చోప్రా ఇరువురి నడుమ ఆస్ట్రేలియా దేశపు పడుచు జెమ్మా వార్డు నిలిచినది. మడత విప్పిన యెడల ప్రీతి జింటా, మొనికాంగనా దత్తా, లక్ష్మీ మేనన్ కానవత్తురు. శత కోటి జనులున్న దేశమున మొదటి ముఖచిత్రమునకు నడుమ నిలువ తగిన దేశీయురాలు దొరకలేదా? దొరకకపోలేదు, అట్లు నిలిపిననే ఈ పత్రిక ప్రపంచమునకు చెందినదని చదువరి నమ్మునని ఎవరో లెక్క వేసిరి. ఆ లెక్కలో చదువరియొక్క మేనిరంగు పట్ల ఆమెకే నమ్మకము లేదను ఊహ యున్నది. 1975లో పుట్టిన ఫెయిర్ అండ్ లవ్లీ అను పూత తన పేరులోని తెలుపును 2020 వఱకు వదలుకొనలేదు. ముఖచిత్రకారులు ఆ గాలిలోనే పని చేసిరని చెప్పుటకు అడ్డేమి? ఆ తరువాతి యేడు, 2008 ఆగష్టు సంచికలో, ఆ పత్రికయే పల్లెటూరి పేదల చేత విదేశపు సరకులు పట్టించి ఛాయాచిత్రములు తీయించెను. పండ్లు ఊడిన యొక అవ్వ చంకలోని బిడ్డ మెడకు నూఱు డాలర్ల ఫెండి గుడ్డ. చెప్పులు లేని యొక ముసలివానిచేత రెండువందల డాలర్ల బర్బెరీ గొడుగు. సరకుల పేర్లు, వెలలు అచ్చువేసిరి. మనుష్యుల పేర్లు అచ్చువేయలేదు. అది ముఖచిత్రము కాదు, లోపలి పుటలు. కాని ముఖము నెఱుగనివాడు లోపలి గుణము నెట్లు దాచగలడు? దేశమందును, విదేశములందును విమర్శ చెలరేగెను.

మలయాళమున మాతృభూమివారి స్త్రీల పత్రిక పేరు కూడ గృహలక్ష్మియే. 2018 మార్చిలో దాని ముఖచిత్రము దేశమంతట చర్చనీయాంశమైనది. గిలు జోసఫ్ అను నటి శిశువునకు స్తన్యమిచ్చుచు, చూపరి కన్నులలోనికి సూటిగా చూచుచున్నది. తల్లులు బహిరంగస్థలమున బిడ్డలకు పాలిచ్చునప్పుడు తేరి చూడవలదని దాని సందేశము. కొందఱు అశ్లీలమనిరి, న్యాయస్థానమునకు ఎక్కిరి. కేరళ ఉన్నతన్యాయస్థానము అందు అశ్లీలము లేదని త్రోసిపుచ్చినది. న్యాయస్థానము చెప్పినది ధర్మము. అందు మాకు సందేహము లేదు. చూపును గూర్చి మేము పైన వ్రాసినదానికి ఇది మఱియొక ముఖము: ఇచ్చట స్త్రీ ‘నీవెందుకు ఇట్లు లేవు’ అని అడుగుటలేదు, ‘నీవెందుకు అట్లు చూచుచున్నావు’ అని అడుగుచున్నది. ముఖచిత్రము చదువరిని ఈ విధముగా నిలదీయుట అపూర్వము. అయినను ఒక్క మాట. ఆ నటి తల్లి కాదు. పాపిట సిందూరము, మెడలో తాళి పత్రికవారు కూర్చినవి. మెజెస్టిక్ బస్సు నిలయమున అరుగుమీద గోడవైపు తిరిగి, పైట కప్పి బిడ్డకు పాలిచ్చు తల్లులను మేము ఎందఱినో చూచితిమి. వారి పక్షమున వాదము జరిగినది. వారు మాత్రము అట్టకు ఎక్కలేదు.

ఈ మాటయే మమ్ము అసలు విషయమునకు తీసికొనివచ్చుచున్నది. బెంగుళూరు సాఫ్ట్‌వేరు నగరమని లోకము చెప్పుకొనును. ఇది బట్టలు కుట్టు నగరము కూడ. పీణ్యలో, మైసూరు రోడ్డున, బొమ్మనహళ్ళిలో, హోసూరు రోడ్డు పొడవున విదేశములకు పోవు చొక్కాలు, ప్యాంట్లు కుట్టు కార్మాగారములలో లక్షలాది జనులు పని చేయుచున్నారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. ప్రొద్దున ఆ బస్సులు ఎక్కి చూడుడు: కోలారు, చిక్కబళ్ళాపురము, అనంతపురము, చిత్తూరు ప్రాంతముల తెలుగు చెవినిండ వినవచ్చును. ఫ్యాషను పత్రిక అట్టమీది దుస్తులలో పెద్ద పేర్లున్నవి వేఱుదేశమున కుట్టబడినవేమో; లోపలి ప్రకటనలలోని దుస్తులలో ఈ చేతులు కుట్టినవి తక్కువ కావు. అయినను ఆ పత్రిక గుఱిపెట్టిన చదువరులలో వీరు లేరు.

మా వీథిలో అట్టి యొక స్త్రీ కాపురమున్నది. మదనపల్లె ప్రక్క పల్లెనుండి వచ్చినది. ఈ వ్యాసము కొఱకు మేము చర్చి వీథిలోని పాత పుస్తకముల అంగడిలో కొన్న నాలుగైదు ఆంగ్ల పత్రికలను ఆమె ముందు పెట్టి, ఏ ముఖచిత్రము బాగున్నదని అడిగితిమి. ముఖమును చూచునని మా యూహ. ఆమె ముఖమును చూడలేదు. ఒక అట్టను వెలుతురునకు ఎత్తి, భుజముమీద వ్రేలు పెట్టి, “ఈడ చూడు పెదనాయనా, చెయ్యి అతికిన కాడ ముడత పడింది. మా కాడైతే దీన్ని వాపసు పెడతారు. సూపర్‌వైజరు నోటికి అడ్డు ఉండదు” అనినది. అట్టమీది పిల్ల సంగతేమని అడిగితిమి. “దానికేం, బాగానే ఉంది. పొద్దున ఆరుగంటలకు లేచే మొగం కాదులే” అని నవ్వి, పత్రికను తిరిగి యిచ్చినది. మేము చదివిన విమర్శలలో ఇంత క్లుప్తమైనది అరుదు.

వీరి ముఖములు పత్రికల మొదటి పుటలకు ఎక్కిన సందర్భము ఒకటి కలదు. 2016 ఏప్రిలు 18, 19 తేదీలలో వేలాది బట్టల కార్మిక స్త్రీలు హోసూరు రోడ్డున, తుమకూరు రోడ్డున వీథులకు వచ్చిరి. భవిష్యనిధిలో యజమాని చెల్లించిన భాగమును 58 ఏండ్లు నిండువఱకు తీసికొనరాదని కేంద్రప్రభుత్వము చేసిన నియమము వారిని బయటికి తెచ్చెను. పిల్లల చదువు, పెండ్లి, ప్రసవము – అన్నింటికి ఆ నిధియే వారి పెట్టె. నగరము స్తంభించినది, కొన్నిచోట్ల బస్సులు తగులబడినవి, లాఠీలు లేచినవి, అది విచారకరము. 19వ తేదీ సాయంకాలమునకు ప్రభుత్వము నియమమును ఉపసంహరించుకొన్నది. భవిష్యనిధి కాగితములను గూర్చి మాకు కొంత తెలియును గనుక చెప్పుచున్నాము: పెద్ద సంఘములు వినతిపత్రములతో నెలల తరబడి సాధింపలేనిదానిని వీరు రెండు దినములలో సాధించిరి. మఱునాటి దినపత్రికలలోని ఆ ఛాయాచిత్రములలో స్త్రీలు నలిగిన చీరెలతో, భుజమున భోజనపు సంచులతో ఉన్నారు. వారిలో కొందఱు చూపరి కన్నులలోనికి సూటిగా చూచుచున్నారు.

ముఖచిత్రములకు నేడు కాలము మంచిది కాదు. చందమామ ఆగిపోయినది, యువ ఏనాడో ఆగినది; 2020లో వచ్చిన మహమ్మారి తరువాత మఱికొన్ని తెలుగు పత్రికలు అచ్చు మానినవి. త్రాటికి పత్రికలు వ్రేలాడదీసిన అంగళ్ళలో ఫోనులకు తొడుగులు అమ్ముచున్నారు. ఫ్యాషను పత్రికలు తమ ముఖచిత్రములను ఫోనులోనికి పంపుచున్నవి. అందు క్లిప్పు లేదు, దారము లేదు, వ్రేలితో నొక్క త్రోపు. దర్జీవాని గోడకు అది అంటదు.

అచ్చగు ముఖచిత్రములలో మిగిలినవానిలో మన సంఘముల ప్రత్యేక సంచికలవి కొన్ని. వానిని కూడ మేము విమర్శనుండి మినహాయింపజాలము. ఏడాది కొకమాఱు వచ్చు ఆ అట్టలపై తెలుగుతల్లి, కూచిపూడి నర్తకి, పూర్ణకుంభము, శ్రీకృష్ణదేవరాయలు వంతులవారీగా దర్శనమిత్తురు. అందఱును పూజనీయులే. కాని ఈ నగరమున తెలుగు మాటాడు స్త్రీ ఈ అట్టను చూచినప్పుడు తన్ను పోల్చుకొనుటకు ఒక్క మెట్టైనను అందున్నదా? మన సంచిక ఎవరి కొఱకు? చందా యిచ్చువారి కొఱకనిన యెడల వాదము లేదు. ఈ నగరపు తెలుగువారి కొఱకనిన యెడల, ప్రొద్దున ఆరున్నరకు పీణ్యలో బస్సు దిగి, చేతిలో భోజనపు డబ్బాతో వరుసగా నడచు స్త్రీల చిత్రమును రాబోవు సంచికకు వేయింపవలసినదని కార్యవర్గమువారికి విజ్ఞప్తి చేయుచున్నాము. ఛాయాచిత్రము వలదు, వారి యనుమతితో, చేయి తిరిగిన చిత్రకారునిచేత బొమ్మ గీయింపవలెను. వారు మనలను చూడనక్కరలేదు, తమ మాటలలో తాముండవచ్చును. నాలుగు రంగులలో అట్టకు, చిత్రకారుని పారితోషికమునకు కలిపి యెంతయగునో మూడు అచ్చుకూటములనుండి అంచనాలు తెప్పించి, పోల్చి, ఒక పుటలో వ్రాసి కార్యదర్శిగారికి అందజేసితిమి.